గ్రాండ్ నేషనల్ లో చిప్పు మార్చిన రోజులు

పోయిన వారం కార్యక్రమం అయ్యాక ఒక తండ్రిగారు ఫోన్ చేశారు. కాలేజీలో చదువుతున్న వాళ్ళబ్బాయి తన టర్బో కారుకి ఏదో కంప్యూటర్ పెట్టె కొని బిగిస్తానంటున్నాడట. కారేమో ఆటోమేటిక్. "ఇంజన్ పోతుందేమోనని భయంగా ఉందండీ" అన్నారాయన. ఇంజన్ సంగతి తర్వాత, ముందు గేర్ బాక్సు పోవచ్చు అన్నాను నేను. ఎందుకలా అన్నానో చెప్పాలంటే మిమ్మల్ని మిషిగన్ లోని పాంటియాక్ అనే ఊరికి, 1980లలోకి తీసుకెళ్ళాలి.

బ్యూక్ అంటే అప్పట్లో రిటైరైన పెద్దమనుషుల కారు. మెత్తటి సీట్లు, నిదానమైన నడక. ఆ కంపెనీయే 1978లో రీగల్ కారులోని 3.8 లీటర్ల వి6 ఇంజన్ కి టర్బో తగిలించింది. వృథాగా బయటికి పోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పి, ఆ బలంతో ఇంజన్ లోకి గాలిని కూరి పెట్టడమే టర్బో. మొదట్లో కార్బ్యురేటర్ తోనే నెట్టుకొచ్చారు. 1984లో కంప్యూటర్ నడిపే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి 200 హార్స్ పవర్ అయింది. 1986లో ఆ గాలిని చల్లబరిచే ఇంటర్ కూలర్ చేరి 235, మరుసటి ఏడాది 245. అదే 1987లో కార్వెట్ కి చెప్పిన లెక్క 240! నల్లటి రంగులో వచ్చిన ఆ బ్యూక్ పేరే గ్రాండ్ నేషనల్.

దానికి నాలుగు గేర్ల ఆటోమేటిక్ తప్ప మరొకటి లేదు. కుర్రకారు కారుకి ఆటోమేటిక్ ఏమిటని నవ్వేవాళ్ళు ఉండేవారు. కానీ టర్బోకి అదే కలిసొచ్చింది. మాన్యువల్ లో గేరు మార్చినప్పుడల్లా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాం, టర్బో ఒత్తిడి కాస్తా జారిపోతుంది. ఆటోమేటిక్ లో కాలు తియ్యక్కర్లేదు, ఒత్తిడి నిలబడుతుంది. పైగా ఎర్ర లైటు దగ్గర ఎడమ కాలితో బ్రేకు తొక్కిపట్టి కుడి కాలితో యాక్సిలరేటర్ కొంచెం నొక్కితే, కారు కదలకముందే టర్బో ఊపందుకుంటుంది. (మీరు చెయ్యకండి, టార్క్ కన్వర్టర్ లో నూనె కాగిపోతుంది.)

ఇక కంప్యూటర్. ముందు సీట్లో ప్రయాణీకుడి కాళ్ళ పక్కన, ఒక పలక వెనక ఉండేది. అందులో ఊడదీసి మళ్ళీ పెట్టుకోగలిగిన చిన్న చిప్పు. ఎంత పెట్రోలు చల్లాలి, నిప్పురవ్వ ఎప్పుడు వెయ్యాలి అన్న ఎక్కాల పట్టికలన్నీ అందులోనే. ఆ రకం చిప్పు నెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది, అతినీలలోహిత కాంతి చూపిస్తే రాసినదంతా చెరిగిపోతుంది. ఇంట్లో ఒక పీసీ, చిప్పు రాసే పరికరం ఉన్నవాళ్ళు కొత్త పట్టికలు రాసి అమ్మడం మొదలుపెట్టారు. మామూలు పంపు పెట్రోలుకి ఒక చిప్పు, రేసు పెట్రోలుకి మరొకటి.

చిప్పు తప్పితే ఏమవుతుంది? సిలిండర్ లో మంట వరసగా పాకకుండా, మిగిలిన మిశ్రమం తనంతట తనే భగ్గుమంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. కారులో నాక్ సెన్సర్ ఉంది, అది వింటే నిప్పురవ్వను ఆలస్యం చేస్తారు. కానీ ఒత్తిడి మరీ పెంచితే ఆ ఆలస్యం చాలదు, హెడ్ గాస్కెట్ పోతుంది. అందుకే బుద్ధిమంతులు కంప్యూటర్ లోంచి నాక్ అంకెల్ని చదివే పరికరం కొనుక్కుని, ఆ అంకె చూశాకే ఒత్తిడి పెంచేవారు. స్క్రూడ్రైవర్ మెకానిక్కు అంకెలు చదవడం నేర్చుకున్నది అక్కడే అని నా అభిప్రాయం.

గేర్ బాక్సుకి మాత్రం ఈ చిప్పు కబురు అందలేదు. యాక్సిలరేటర్ ఎంత తెరిచామో చెప్పే ఒక ఉక్కు తీగని బట్టి అది లోపలి నూనె ఒత్తిడిని పెంచుకునేది. టర్బో ఎంత ఊదుతోందో ఆ తీగకేం తెలుసు? బలం పెరిగింది, పట్టు పెరగలేదు. క్లచ్చి పలకలు జారి కాలిపోయేవి. బ్యూక్ వాళ్ళు స్వయంగా 1987లో ఏఎస్‌సి/మెక్‌లారెన్ తో కలిసి జిఎన్‌ఎక్స్ అనే 547 బళ్ళు చేసి 276 హార్స్ పవర్ అని ప్రకటించినప్పుడు, చిప్పు ఒక్కటే మార్చి ఊరుకోలేదు. టర్బో, ఇంటర్ కూలర్, టార్క్ కన్వర్టర్, గేర్ బాక్సు నూనెకి అదనపు కూలర్, అన్నీ కలిపి మార్చారు. పట్టించుకోవలసింది ఆ జాబితానే. 1987 డిసెంబరులో పాంటియాక్ లో ఆఖరి గ్రాండ్ నేషనల్ బయటికొచ్చింది.

ఇప్పటి కార్లలో ఉక్కు తీగ లేదు. ఇంజన్ కంప్యూటర్ "నేను ఇంత టార్క్ ఇస్తున్నాను" అని గేర్ బాక్సు కంప్యూటర్ కి చెబుతుంది, అది దాన్ని బట్టి క్లచ్చి బిగిస్తుంది. ఆ అబ్బాయి కొనబోయే పెట్టె లాంటివి చాలావరకు చేసేది చిన్న అబద్ధం. సెన్సర్ తీగ మధ్యలో కూర్చుని, అసలు ఒత్తిడి కంటే తక్కువ చూపిస్తుంది. ఇంజన్ కంప్యూటర్ నమ్మి ఇంకా ఊదిస్తుంది, గేర్ బాక్సుకి మాత్రం పాత లెక్కే చెబుతుంది. పాత చిప్పే నయం, అది ఎవరికీ అబద్ధం చెప్పలేదు.

చట్టం సంగతీ ఉంది. 1990 సవరణల తర్వాత స్వచ్ఛ వాయు చట్టం ప్రకారం పొగ నియంత్రణను పాడుచేసే భాగాలు అమ్మడమూ బిగించడమూ నేరమే. కాలిఫోర్నియాలో పరీక్షించి ఒప్పుకున్న భాగానికి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఇస్తారు. ఇంకో పక్క, మన కారు సాఫ్ట్‌వేర్ ని మనం బాగుచేసుకోవడానికీ మార్చుకోవడానికీ 2015లో కాపీరైట్ చట్టం నుంచి మినహాయింపు వచ్చింది. దానికి నెల ముందే, అమెరికాలో దాదాపు 4,82,000 డీజిల్ కార్లలో పరీక్షను మోసం చేసే ప్రోగ్రాం ఫోక్స్‌వేగన్ స్వయంగా పెట్టిందని బయటపడింది. ఎవరి దగ్గర పట్టిక ఉంటే మనం నిశ్చింతగా ఉండొచ్చో ఆ ఏడాది తర్వాత నాకు అంత తేలిగ్గా తెలియడం లేదు.

తండ్రిగారూ, మీరు వింటుంటే అబ్బాయిని పెట్టె అమ్మేవాళ్ళని రెండు ప్రశ్నలు అడగమనండి. ఇది బిగించాక గేర్ బాక్సుకి ఏ టార్క్ లెక్క అందుతుంది? దీనికి కాలిఫోర్నియా నంబరు ఉందా? జవాబు వచ్చాక నాకు మళ్ళీ ఫోన్ చెయ్యండి.