తుపాకి గొట్టం మీది ముద్ర

కిందటి ఏడు మా కళాశాల విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక పాత గడీ చూడబోయాను. దొరలు పోయారు, గోడలు మిగిలాయి. ఒక గోడకు తుప్పుపట్టిన జంట గొట్టాల తుపాకి వేలాడుతున్నది. చరిత్ర చదివే కుర్రవాడొకడు గొట్టాన్ని రుమాలుతో తుడిచి, "సార్, ఈ కిరీటమూ, దానికింద అడ్డంగా వేసిన రెండు రాజదండాలూ ఏమిటి? ఇది రాజుగారి తుపాకా?" అని అడిగాడు.

కాదు. అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పరీక్షాశాల ముద్ర. ఈ గొట్టంలో మామూలుకు మించిన మందు కూరి పేల్చి చూశాము, పగలలేదు అని దాని అర్థం. నేనీ సంగతి చెప్పగానే అతడు మరొక ప్రశ్న వేశాడు: "ముద్ర లేనిది పగిలితే ఎవరి చెయ్యి పోయేది సార్?"

ఆయుధాల చరిత్ర అనగానే మనవాళ్లు యుద్ధాలూ, సేనాపతుల పేర్లూ ఏకరువు పెడతారు. ఆ కుర్రవాడి ప్రశ్న అంతకంటె లోతైనది. తుపాకి పేలినప్పుడు గుండును ముందుకు నెట్టే వాయువే గొట్టం గోడలను అన్ని వైపులకూ నెడుతుంది, వెనుకకూ నెడుతుంది. వెనుక ఉన్నది పేల్చేవాడి ముఖం. గొట్టం అతుకులో లోపముంటే ఆయుధం శత్రువు కంటె ముందు తనను పట్టుకున్నవాణ్ణే చంపుతుంది. కనుక గొట్టాన్ని పరీక్షించటమంటే పట్టుకునేవాడి ప్రాణానికి విలువ కట్టటమే. ఎవరి ప్రాణానికి ఎంత విలువ కట్టారన్నదే అసలు చరిత్ర.

18వ శతాబ్దపు బర్మింగ్‌హామ్‌లో తుపాకి ఒక్క చేతి పని కాదు. ఇనుప పట్టీని కాల్చి గొట్టంగా అతికేవాడు ఒకడు, లోపల తొలిచేవాడు ఒకడు, లాక్ ఆకురాయి పట్టేవాడు ఒకడు, కర్ర చెక్కేవాడు ఇంకొకడు. అన్నీ చిన్న చిన్న కొట్లే. పెట్టుబడి పెట్టే వర్తకుడు మాత్రం ఒక్కడే. సర్కారు సైన్యానికి చేసిన తుపాకులను ఆర్డినెన్సు బోర్డు తన మనుషులచేత పరీక్ష చేయించుకునేది. కాని అదే పట్నం నుంచి బానిసల వ్యాపారం నిమిత్తం ఆఫ్రికా తీరానికి పోయే తుపాకుల సంగతి వేరు. 1766లో బర్మింగ్‌హామ్ చూసిన షెల్‌బర్న్ ప్రభువు ఏటా లక్షకు పైగా తుపాకులు ఆ తీరానికి పోతున్నాయనీ, కొన్నింటి ధర అయిదున్నర షిల్లింగులేననీ, వాటిలో సగానికి పైగా మొదట పేల్చినవాడి చేతిలోనే పగిలేంత నాసి సరుకనీ రాశాడు. అతడు విప్లవకారుడు కాడు, పాలకవర్గానికి చెందినవాడు. అతని అంకెలు కొంత అతిశయోక్తి అనుకున్నా, ఆ పట్నంలో ఈ మాట రహస్యం కాదని తేలుతున్నది. మనిషిని కొనటానికి ఇచ్చే వస్తువు ఆ కొనుగోలు ముగిసేదాకా నిలిస్తే చాలునన్నదే వర్తక పెట్టుబడి లెక్క.

ఇక్కడ శామ్యూల్ గాల్టన్ కథ చెప్పుకోవాలి. అతడు తుపాకుల వర్తకుడు, విజ్ఞానప్రియుడు, అహింసను నమ్మే క్వేకర్ సమాజ సభ్యుడు. అతని కుటుంబానికి సొంత పరీక్షాశాల కూడా ఉండేది. 1795లో ఆ సమాజం అతన్ని నిలదీసింది. 1796లో అతడు అచ్చువేసి ఇచ్చిన జవాబు నేటికీ చదవదగ్గది. పన్ను కట్టేవాడూ, బానిసల శ్రమతో పండిన పంచదార తినేవాడూ యుద్ధంలో, బానిసత్వంలో భాగస్వాములు కారా, నన్నొక్కణ్ణే ఎందుకు అంటారు, అన్నది అతని వాదం. సమాజం అతన్ని వెలివేసింది. అతని మాటలో సగం నిజముంది: ఆ ఉత్పత్తి వ్యవస్థలో చేతులు శుభ్రంగా ఉన్నవాడు లేడు. కాని రెండో సగం దగా. అందరూ పాపులే అన్నవాడి పెట్టెలో అందరికీ సమానమైన లాభం లేదు. వ్యవస్థను విమర్శించవలసిన వాదాన్ని అతడు వ్యవస్థను కాపాడటానికి వాడాడు.

బానిసల వ్యాపారాన్ని బ్రిటన్ 1807లో నిషేధించింది. ప్రతి గొట్టానికీ పరీక్ష తప్పనిసరి చేసి, బర్మింగ్‌హామ్ పరీక్షాశాలను నెలకొల్పిన చట్టం 1813లో వచ్చింది. మొదటిదాని వల్లే రెండవది వచ్చిందని నేననను. లండన్ తుపాకి పనివారి సంఘానికి 1637 నుంచే రాజశాసనముంది. ఆ పోటీలో తమ సరుకు పరువు నిలబెట్టుకోవాలని బర్మింగ్‌హామ్ వర్తకులే ఈ చట్టం కోరారు. అయినా పరువు కోసం వచ్చిన చట్టమే ప్రాణాలనూ కాపాడింది. 1868నాటి చట్టం సవరణలతో నేటికీ అక్కడ అమలులో ఉంది.

ఎంత మందు, ఎంత ఒత్తిడి? ఇది చాలాకాలం ఊహే. 1742లో బెంజమిన్ రాబిన్స్ తుపాకిమందు వాయువు ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు వెయ్యి రెట్లని లెక్కకట్టాడు. (ఈ రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కోటలు కట్టటానికి వచ్చి 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు. అంత విజ్ఞానం చివరకు ఎవరి కొలువులో చేరిందో చూడండి.) 1797లో రమ్‌ఫర్డ్ లక్ష రెట్ల దాకా చెప్పాడు. 1875లో నోబుల్, ఏబెల్ కలిసి సుమారు 6,400 రెట్లని తేల్చారు.

నోబుల్ వాడిన పనిముట్టు సాదాది. గొట్టానికి రంధ్రం చేసి చిన్న పిస్టన్ అమరుస్తారు. దాని వెనుక కొలిచి కోసిన రాగి కడ్డీ ముక్క ఉంటుంది. పేల్చగానే పిస్టన్ రాగిని నొక్కుతుంది. ముక్క ఎంత పొట్టిదయిందో కొలిచి పట్టికలో ఒత్తిడి చూస్తారు. తరాల తరబడి రైఫిల్ తూటాలను ఇలాగే పరీక్షించారు. కాని రాగి నలగటానికి కొంత వ్యవధి కావాలి. ఒత్తిడి శిఖరమో క్షణంలో వెయ్యోవంతు కూడా నిలవదు. కనుక రాగి తరచు తక్కువ చెప్పింది. నొక్కితే విద్యుత్తు పుట్టే స్ఫటికాలతో కొలిచినప్పుడు అదే తూటాకు పెద్ద అంకె వచ్చింది. తూటా మారలేదు, కొలత మారింది. ఎలా కొలిచారో చెప్పని అంకె అబద్ధంతో సమానమని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. పేదరికం లెక్కలకూ ఇది వర్తిస్తుంది. 1914లో బ్రస్సెల్స్‌లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం నియమాల ప్రకారం ఈనాడు రైఫిల్‌ను గరిష్ఠ ఒత్తిడికి నూటికి 25 వంతులు మించిన తూటాతో పరీక్షిస్తారు.

మరి మన దేశంలో? 1857 తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిల కోసం బ్రిటిష్‌వారు 1858, 1859 నమూనాల తుపాకులు చేయించారు. గురి కుదిర్చే మెలిక గాళ్లు లేకుండా గొట్టాన్ని నున్నగా చేశారు. ఇక్కడ పరీక్షకు నిలిచిన తుపాకే, బుద్ధిపూర్వకంగా మొద్దుబారిన తుపాకి! 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి చేయరాదు, ఉంచుకోరాదు అన్నది. యూరోపియన్లను మాత్రం మినహాయించారు. నైపుణ్యం ఇషాపూర్ వంటి సర్కారు ఫ్యాక్టరీల గోడల మధ్యకు చేరింది. అక్కడి రైఫిల్ ఫ్యాక్టరీ 1904 నాటిది. 1962 యుద్ధం తర్వాత త్రీ నాట్ త్రీ నమూనాను 7.62 మిల్లీమీటర్ల తూటాకు మార్చవలసి వచ్చినప్పుడు ఆ ఫ్యాక్టరీవారు గొట్టం మార్చి ఊరుకోలేదు. కొత్త తూటా ఒత్తిడి ఎక్కువ గనుక ఉక్కునే మార్చారు. అది మన కార్మికుల, ఇంజనీర్ల విజ్ఞానం.

ఇక 1946-51 మధ్య తెలంగాణ రైతు చేతికి వచ్చినది చాలాచోట్ల భర్మారు, మూతినుంచి మందు దట్టించే నాటు తుపాకి. దాని మీద కిరీటం లేదు, రాజదండాలు లేవు. గడీ గోడమీది తుపాకికి బర్మింగ్‌హామ్ హామీ ఉంది. గడీ మీదికి పోయినవాడి తుపాకికి ఊరి కమ్మరి మాట ఒక్కటే హామీ. ఆ కుర్రవాడి ప్రశ్నకు నా జవాబు ఇదే: ఎవరి ప్రాణానికి ముద్ర లేదో వాడి చెయ్యే పోయేది. ఈనాడు మందుగుండు షెడ్లలో, బాయిలర్ల పక్కన పనిచేసే కూలీల విషయంలో ఆ ప్రశ్న ఇంకా తీరలేదు. పరీక్షించే శాస్త్రం ఎప్పుడో వచ్చింది. పరీక్షించమని అడిగే హక్కును ఇంకా సాధించుకోవలసే ఉంది.