తూర్పు కిటికీలోనూ అదే మబ్బు

లిఫ్ట్ నాలుగో అంతస్తులో ఆగుతుంది. మీ చేతిలో ఫోను, ఫోనులో ఫ్లాటు ఫోటోలు. నిజాంపేటలో రీసేల్ ఫ్లాటు, మూడు పడగ్గదులు, తూర్పు గుమ్మం, మంజీరా నీళ్లు, ఒక కారు పార్కింగు. మీ వెనక మీ ఆవిడ, ఆవిడ వెనక ఇందుకోసమే ఖమ్మంలో తెల్లారుజాము బస్సెక్కిన మీ అత్తగారు. ఏజెంటు కుర్రాడు బెల్లు కొడతాడు. తలుపు తీసినాయన రిటైరైన లెక్కల మాస్టారు. "రండి రండి, చెప్పులు అక్కడ వదిలెయ్యండమ్మా" అంటూ పక్కకి జరుగుతారు.

లోపల అడుగుపెట్టగానే మీ కళ్లు హాలు కోసం వెతుకుతాయి. మీరు హాల్లోనే ఉన్నారు.

ఫోటోలో ఈ గది ఫంక్షన్ హాలంత ఉంది. గుమ్మం నుంచి బాల్కనీ దాకా టైల్స్ పరుచుకుంటూ పోయాయి. ఇక్కడ ఐదుగురు నిలబడేసరికి మాస్టారు టీపాయ్‌ని గోడవారకి జరుపుతున్నారు. గదిలో తప్పేమీ లేదు. పదకొండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు, ఈ చుట్టుపక్కల మామూలు హాలే. ఫోను కెమెరాలో 0.5 అని ఉంటుంది చూడండి, ఆ లెన్సు చేసిన పని ఇది. పెద్ద కెమెరాల లెక్కలో అది సుమారు 13 మిల్లీమీటర్లు. ఇళ్ల ఫోటోలే వృత్తిగా తీసేవాళ్లు ఎక్కువగా 16 నుంచి 24 మధ్యలో ఉండిపోతారు. ఇంకా వెడల్పుకి పోతే దగ్గరున్న వస్తువు సాగుతుంది, ఎదుటి గోడ ఎక్కడికో పారిపోతుంది. ఫోటో అంచున పడ్డ ఫ్రిజ్ బీరువా అంత వెడల్పయింది. అత్తగారు ఫోనులో ఫ్రిజ్‌నీ ఎదురుగా ఉన్న ఫ్రిజ్‌నీ మార్చి మార్చి చూసి, "ఇది కొత్తగా కొన్నారా?" అని అడుగుతారు.

"లేదమ్మా, మా అమ్మాయి పెళ్లికి ముందుదే."

గోడలు మీగడ రంగు. ఫోటోలో ఒక గోడ పచ్చగా, ఇంకో గోడ ఊదాగా ఉంది. ట్యూబ్‌లైటు వెలుతురు, పసుపు బల్బు వెలుతురు, కిటికీ ఎండ, మూడూ ఒకేసారి పడితే కెమెరా దేన్ని తెలుపు అనుకోవాలో తేల్చుకోలేదు. ఆపైన కుర్రాడు రంగులు పెంచే మీటని చివరిదాకా తోశాడు. టేకు తలుపు నారింజ రంగుకి తిరిగింది. తలెత్తి చూస్తే ఫ్యాను తిరుగుతోంది. ఫోటోలో రెక్కలు మసకబారాయని కాబోలు, వాటిని చెరిపేశాడు. కడ్డీ మాత్రం కప్పు నుంచి ఒంటరిగా వేలాడుతోంది. మీరు నవ్వు ఆపుకుంటారు. మీ ఆవిడ ఆపుకోదు.

నవ్వు కిటికీ దగ్గర ఆగిపోతుంది. ఫోటోలో అక్కడ నీలాకాశం, ఒక తెల్ల మబ్బు, ఆ మబ్బుకి ఎడమవైపు చిన్న తోక. పడగ్గది కిటికీలోనూ అదే మబ్బు. వెనక బాల్కనీలోనూ అదే తోక. తూర్పుకీ పడమరకీ కలిపి ఒకే మబ్బు. అసలు కిటికీ తీస్తే పక్క అపార్టుమెంటు నీళ్ల ట్యాంకు, దాని ముందు నుంచి వంగిన వేపకొమ్మలు. చల్లటి గాలి. మీ ఆవిడ అక్కడే నిలబడిపోతుంది. "ఈ చెట్టు ఫోటోలో ఎందుకు లేదు?" ట్యాంకుని చెరిపేటప్పుడు దాంతోపాటే పోయింది. ఈ ఇంట్లో డబ్బు పెట్టి కొనదగిన వస్తువు ఏదైనా ఉంటే అది ఆ చెట్టే. దాన్ని తీసేసి ఎక్కడిదో మబ్బు అతికించారు.

గది చీకటిగా, కిటికీ వెలుతురుగా ఉండటం ఇళ్ల ఫోటోలకి పాత తలనొప్పి. దానికి మందుంది. కెమెరాని స్టాండు మీద కదలకుండా పెట్టి, అదే దృశ్యాన్ని ఒకసారి చీకటిగా, ఒకసారి మామూలుగా, ఒకసారి వెలుతురుగా తీసి మూడింటినీ కలుపుతారు. హెచ్‌డీఆర్ అంటే అదే. మోతాదు మించితే కిటికీ చట్రం చుట్టూ తెల్లటి వెలుగు పట్టీ పుడుతుంది, మూలల్లో బూడిద పేరుకుంటుంది. మీ ఫోనులో ఉన్నది ఆ మోతాదు మించినదే.

పడగ్గదిలో మంచం లేదు. ఫోటోలో ఉంది, తెల్ల దుప్పటితో, నాలుగు దిండ్లతో. ఖాళీ గదిలో కంప్యూటరుతో సామాను వేసే ఈ పద్ధతిని వర్చువల్ స్టేజింగ్ అంటారు. సామాను ఎలా పడుతుందో చూపడానికి పనికొచ్చేదే, అది బొమ్మ అని చెబితే. మీ ఆవిడ టేపు తీసి కొలుస్తుంది. ఆరడుగుల మంచం వేస్తే వార్డ్‌రోబ్ తలుపు తెరుచుకోదు. ఫోటోలో మంచానికీ వార్డ్‌రోబ్‌కీ మధ్య ఇద్దరు నడిచేంత దారి ఉంది.

మంచం సంగతి అలా ఉంచండి. కిటికీ పక్క గోడ మీద జానెడు మేర పెచ్చు లేచి ఉంది. చెమ్మ. మాస్టారే ముందు చెబుతారు: "పైవాళ్ల బాత్రూం పైపు కారేదండీ. మార్పించాం. ఇప్పుడు పొడిగానే ఉంది, ముట్టుకు చూడండి. రంగు వేయించాలి."

"ఫోటోలో ఇది లేదండీ" అంటారు మీరు.

ఆయన మొహం మారుతుంది. అంతదాకా దాచకుండా మాట్లాడిన మనిషి ఆ ఒక్క మాటతో దాచినవాడైపోయాడు. మెల్లగా అయినా అనక తప్పదు: ఫ్యాను రెక్కలు పోగొట్టడం చేతకానితనం, చెమ్మ మరక పోగొట్టడం మోసం.

వంటింట్లోకి అడుగుపెట్టిన అత్తగారు గుమ్మంలోనే ఆగుతారు. ఎదురుగా తూర్పు గోడ, దాన్నానుకుని గ్రానైట్ గట్టు, కుడి చివర స్టవ్వు, ఎడమ చివర సింకు. ఆగ్నేయంలో నిప్పు, ఈశాన్యంలో నీళ్లు. ఆవిడకి కావలసింది సరిగ్గా ఇదే. ఫోటోలో స్టవ్వు ఎడమన ఉంది! ఆ ఒక్క ఫోటో చూసి రానని ఖమ్మంలో మొరాయించారు కూడా. మీరు ఫోటోని పెద్దది చేస్తారు. గోడమీద క్యాలెండర్ అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి.

"కొలాజ్‌లో ఆ వైపు బాగుందని తిప్పానండీ" అంటాడు కుర్రాడు.

వాస్తు మీద నమ్మకం ఉందా లేదా అన్నది వేరే సంగతి. హైదరాబాదులో ఫ్లాటు కొనేవాళ్లలో దాన్ని పట్టించుకునేవాళ్లు ఎందరో ఏజెంటుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈశాన్యంలో పొయ్యి చూసి ఎంతమంది వేలితో పక్కకి తోసేశారో ఆ మాస్టారికి ఎప్పటికీ తెలియదు. వాళ్లు ఫోను చేసి కారణం చెప్పరు.

"ఏదీ, నన్నొకసారి చూడనివ్వండి" అని మాస్టారు కళ్లజోడు పెట్టుకుంటారు. తన ఇంటి ప్రకటనని ఆయన చూడటం ఇదే మొదలు. ఒక్కొక్కటే జరుపుతారు. బాల్కనీ దగ్గర ఆగుతారు. దండెం మీది బట్టల్ని చెరిపారు, క్లిప్పులు గాలిలో మిగిలాయి.

"ఎవరిల్లయ్యా ఇది?"

"అందరూ ఇలాగే పెడతారు అంకుల్. లేకపోతే కాల్స్ రావు."

"కాల్స్ వస్తున్నాయి నాయనా. వచ్చినవాళ్లు కూర్చోవట్లేదు."

టీ వస్తుంది. మాస్టారి అమ్మాయి ఉండేది కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో. ఆ రాష్ట్రంలో 2026 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఇంటి అమ్మకం ప్రకటనలో ఫోటోని మార్చి వేస్తే, మార్చామని ఏజెంటు చెప్పాలి, మార్చని ఫోటోని కూడా చూసే వీలు ఇవ్వాలి. వెలుతురు సరిచేయడం, వంకర తీయడం, అంచులు కత్తిరించడం లాంటివి అందులోకి రావు. గీత గీయాల్సింది కచ్చితంగా అక్కడే. మన దగ్గర 2016 నాటి రెరా చట్టం, 12వ సెక్షన్‌లో, ప్రకటనలోని అబద్ధాన్ని నమ్మి అడ్వాన్సు ఇచ్చి నష్టపోయినవాళ్లకి బిల్డరు పరిహారం ఇవ్వాలంటుంది. అది బిల్డర్లకి పెట్టిన బాధ్యత. పాత ఫ్లాటు అమ్ముకునే మాస్టారికి, ఆయన ఏజెంటుకి ఆ సెక్షన్ తగలదు.

గ్లాసు కింద పెట్టి అత్తగారు బేరం మొదలుపెడతారు. "ఫోటోలో చూపించిన ఇల్లు ఇది కాదు కదా బాబూ. రేటు ఆ ఇంటికి చెప్పారు." మాస్టారి దగ్గర జవాబు లేదు. చెట్టు గురించి, గాలి గురించి, తిన్నగా ఉన్న వంటింటి గురించి ఆయన చెప్పుకోవలసినదంతా ఈ బేరంలో ఎక్కడా రాదు.

ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్లకి ఒక్క మాట. ఉదయం ఎండ లోపలికి వచ్చే వేళ లైట్లన్నీ ఆపి, కర్టెన్లు తీసి, దండెం ఖాళీ చేసి తీయించండి. ఫోను ఛాతీ ఎత్తున నిటారుగా ఉంటే గోడలు వెనక్కి వాలవు. కుదిరితే ఆ పని తెలిసిన మనిషినే పిలవండి, అమ్మే ధరలో ఆ ఖర్చు లెక్కలోకి రాదు. చెమ్మ ఉంటే గోడ మీదే బాగు చేయించండి. ప్రకటన ఎక్కిన రోజే మీ ఫోనులో తెరిచి, చేతిలో పట్టుకుని గది గదికీ తిరగండి. ఏ ఫోటో మీ ఇంటిది కాదనిపించినా అప్పటికప్పుడు తీయించెయ్యండి. ఏజెంటు మొహమాటపెడితే, కమీషను ఇస్తున్నది మీరేనని గుర్తుచెయ్యండి.