కడప ప్రాచీన సముద్రము

వల్లూరు మొదలుకొని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వఱకు గల భూమి నేడు కడలికి సుదూరమై యెండకు గాగుచున్నను, ఒకానొక యుగమున లోతులేని వెచ్చని సముద్రజలముచే నావృతమై యుండెను. ఈ భూమిని గూడ జేర్చుకొని యర్ధచంద్రాకృతిని సుమారు 44,000 చదరపు కిలోమీటర్లు వ్యాపించిన కడప శిలాక్షేత్రమును భూగర్భశాస్త్రవేత్త విలియం కింగు 1872లో ప్రకటితమైన గ్రంథమున వివరించెను.

వేంపల్లె పేరిట వ్యవహరింపబడు సున్నపురాతి పొరలలో, ఎఱ్ఱగడ్డను నిలువున గోసినయట్లు పొరమీద పొరగా గుబ్బలుగట్టిన రాళ్లు కానవచ్చును. వీనిని స్ట్రొమటోలైటులందురు. చూచువారు పగడపుదిబ్బలని భ్రమపడుట కవకాశమున్నది గాని, యివి పగడములు పుట్టుటకు నూఱు కోట్ల యేండ్లకు పైగా ముందటివి. ఈ పొరలకు మీదివైన తాడిపత్రి పొరలలో జొచ్చిన పులివెందుల యగ్నిశిల వయస్సే దాదాపు 188 కోట్ల సంవత్సరములు. కంటికానని నీలిహరిత సూక్ష్మజీవులు జిగురుచాపవలె పఱచుకొని, అలలు తెచ్చిన సున్నపుఱేణువులను బట్టి బంధించి, వాని క్రింద వెలుగు చాలనపుడు పైకి ప్రాకి మరల నొక చాప పఱచుచు, ప్రాణవాయువును విడుచుచు నీ కట్టడమును నిర్మించినవి. చేపగాని, నత్తగాని లేని సముద్రమది.

సజీవములైన స్ట్రొమటోలైటులు నేడు మిక్కిలి యరుదు. పశ్చిమ ఆస్ట్రేలియాయందలి హామెలిన్ మడుగున నీరు సాధారణ సముద్రజలమునకు రెట్టింపు ఉప్పనగుటచే, మేయవచ్చు నత్తలు నిలువజాలక యవి మిగిలినవి. వాయుపాత్రను వీపున దాల్చి బహామాసు దీవుల నడుమ మునిగినవానికి ఆ గుబ్బలు చేపలగుంపుల నడుమ దోచును. పులివెందుల వాసికి చెప్పులతో నడచిపోవుచుండగనే కనబడును.