గుండ్లకమ్మ ఒడ్డుకు ముందు పదిహేను నెలలు



మన తెలుగు సంఘాల చరిత్ర చెప్పేటప్పుడు ఒక అంకె తప్పకుండా వినిపిస్తుంది. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మేము కూడా ఎన్నో కూటాల్లో ఈ అంకె చెప్పి "ఆమేన్" అనిపించుకున్నాం. అయితే ఆ రోజుకు ముందు జరిగిన సంగతులు మేము తక్కువగా చెప్పాం. త్యాగం, విధేయత కనబడేది అక్కడే.

కనిగిరి ప్రాంతంలోని తాళ్ళకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సహోదరుడు ఉండేవాడు. తోళ్ళ వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు సువార్త విన్నాడు. 1866లో ఆయన బాప్తిస్మం పొందాడు. ఊరూరా తిరిగి తన బంధువులకు తాను విన్నది చెప్పాడు. అదే సంవత్సరం అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది.

ఆ తొలి విశ్వాసులకు నేర్పిన కట్టడలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలికే. కాని పాలేరు ఆదివారం పనికి రాకపోతే రైతు ఊరుకుంటాడా? చచ్చిన గొడ్డు ఆ రోజుల్లో పేదవాడి ఇంటికి కూడు. జాతరలో డప్పు కొట్టడం ఊరు వాళ్ళ మీద పెట్టిన పని, దానికి కొంత గింజ కూడా వచ్చేది. "ఇక కొట్టము" అన్నందుకు కొందరు దెబ్బలు తిన్నారు. కొన్ని చోట్ల బావి నీళ్ళు ఆపారు, కూలికి పిలవడం మానేశారు. చదువురాని ఆ సహోదరులు మూడు మాటలకు లోబడి మూడు పూటల కూడు పణంగా పెట్టారు.

లోబడటం దొరగారికి కూడా సులువు కాలేదు. తొలి రోజుల్లో ఒంగోలులో పై కులాల వారు తమ పిల్లలను ఆయన బడికి పంపారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం మేము రాము అని చెప్పేశారు. ఆయన, ఆయన భార్య వేర్వేరు గదుల్లో ప్రార్థన చేసుకుని బైబిలు తెరవగా, ఇద్దరికీ ఒకే భాగం కనబడింది. అది మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం తక్కువగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే చోటు. పట్టణంలో పలుకుబడి పోతుందని తెలిసి కూడా వారు మాదిగలకే తలుపు తెరిచారు.

తర్వాత 1876 నుండి 1878 వరకు మహా కరువు. ఆకలితో చచ్చిపోతున్న జనానికి పని చూపించడానికి దొరగారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకున్నారు. మన బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పగలు పని చేయించి, రాత్రి ప్రభువు మాట చెప్పారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం క్రీస్తు పేరు పెట్టుకోకూడదని పదిహేను నెలల పాటు బాప్తిస్మాలు ఆపేశారు.

సహాయపు డబ్బు అయిపోయాక జనాన్ని పిలవలేదు, వాళ్ళే వచ్చారు. మాకు డబ్బు వద్దు, కాలువ తవ్విన ఈ చేతుల బొబ్బలే సాక్ష్యం, మళ్ళీ పంట పోతే చచ్చిపోతాం, అయినా క్రైస్తవులుగా చస్తాం అన్నారు. అప్పుడే నదిలోకి దిగారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి బాప్తిస్మమిచ్చారు. దొరగారు ఆ రోజు ఎవరికీ తన చేత్తో ఇవ్వలేదు.

ప్రియులారా, సౌలు రాజు సంగతి మనకు తెలుసు (1 సమూయేలు 15). బలి ఇవ్వడానికి మంచి పశువులను దాచాడు, దేవుడు చెప్పిన మాట మాత్రం వినలేదు. త్యాగం మనమే ఎంచుకుంటే మనకు ఇష్టమైనదే ఇస్తాం. విధేయత ఏమడుగుతుందో మనం ఎంచుకోలేం. కరువులో అన్నం పెట్టడానికి దొరగారి మనసు ముందే సిద్ధంగా ఉంది. ఎదురుగా ఉన్న వేలమందిని లెక్కలో వేసుకోకుండా ఆగడమే ఆయనకు కష్టమైన త్యాగం.

మేము ఒక మాట ఒప్పుకోవాలి. ఒక ఏడు క్రిస్మస్ లోపల బాప్తిస్మాల లెక్క పెరగాలని తొందరపడి, ఇంకా నేర్చుకుంటున్న వారిని కూడా నీళ్ళలో దించాం. వారిలో కొందరు ఈరోజు ఆరాధనలో లేరు. ఆ తప్పు వారిది కాదు, మాది.

ఇంకొకటి. మిరపకాయ కోతలప్పుడు ఆదివారం మందిరం సగం ఖాళీగా ఉంటుంది. కూలి పోగొట్టుకొని రమ్మని చెప్పడానికి మాకు నోరు రాదు, ఎందుకంటే మీ కూలి డబ్బుల్లోనుండి వచ్చిన కానుకతోనే మేము తింటున్నాం. అందుకని మిమ్మల్ని అడిగే ముందు మేమే ఒకటి నిర్ణయించుకున్నాం. కోతల నెలల్లో తెల్లవారుజామున ఐదు గంటలకే ఆరాధన పెడతాం. పనికి వెళ్ళక తప్పని వారు కూడా ప్రభువు బల్లలో పాలుపొంది వెళ్ళవచ్చు. ఆ రోజు పని మానుకొని కూలి వదులుకున్న కుటుంబానికి మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే.

ఇది గొప్ప త్యాగమేమీ కాదు. పేరయ్యగారి తరం వారు ఇచ్చినదాని పక్కన పెడితే పిడికెడు బియ్యం అంత. అయినా ఇక్కడ మొదలుపెడదాం. మీ ఇంట్లో ప్రభువు చెప్పినా మీరు వాయిదా వేస్తున్న సంగతి ఏదో, ఈ వారం కుటుంబ ప్రార్థనలో పేరు పెట్టి చెప్పుకోండి.

ప్రభువు తన మాటకు లోబడే మనసు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.