ఇటాస్కా సరస్సుకు దారి చూపిందెవరు?

అమెరికాలో మిసిసిపి నది పుట్టేది మిన్నెసోటా రాష్ట్రంలోని ఇటాస్కా సరస్సులో. 1832లో హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ దాన్ని "కనిపెట్టాడు" అని చదువుతుంటాం. కానీ ఆయన్ని అక్కడికి తీసుకెళ్లింది ఓజావిండిబ్ అనే ఒజిబ్వే ఆదివాసీ పెద్ద. ఒజిబ్వేలకు ఆ సరస్సు ముందే తెలుసు. ఎల్క్ దుప్పుల సరస్సు అని వాళ్ల భాషలో పేరు కూడా ఉంది. స్కూల్‌క్రాఫ్ట్ మాత్రం 'వెరిటాస్ కాపుట్' అనే లాటిన్ మాటల మధ్యలోంచి అక్షరాలు తీసి ఇటాస్కా అని పెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది.

చుట్టూ పైన్ అడవి నరికేస్తుంటే, మిగిలింది కాపాడాలని 1891లో అక్కడ స్టేట్ పార్క్ పెట్టారు. ఇప్పుడది 32 వేల ఎకరాల పైనే. వందకు పైగా సరస్సులు, లూన్ పక్షులు, తెల్లతల గద్దలు, బీవర్లు ఉన్నాయి. వచ్చినోళ్లు పడవ నడుపుతారు, సైకిల్ తొక్కుతారు, అంత పెద్ద నదిని దాని మొదట్లో రాళ్ల మీద నడిచి దాటేస్తారు.

మన వాగులకు, గుట్టలకు కూడా మన తాతలు పెట్టిన పేర్లున్నాయి. బోర్డు మీద వేరే పేరు ఎక్కకముందే, ఈ సెలవుల్లో ఊళ్లో పెద్దోళ్లను అడిగి రాసి పెట్టుకుందాం.