రక్తబంక అని సరిపెట్టుకోవద్దు



మా ఎలమంచిలిలో పసిపిల్లల విరేచనంలో ఎర్రచార కనబడిందంటే చాలు, పెద్దవాళ్ళు "రక్తబంక" అనేస్తారు. పళ్ళొచ్చే ఈడైతే "పళ్ళ విరేచనాలే తల్లీ, అవే పోతాయి" అంటారు. మా చెల్లెలి బాబుకు ఎనిమిదో నెలలో ఇలాగే అయింది. ఉండుండి కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చేవాడు. కాసేపు సొమ్మసిల్లినట్టు పడుకుని మళ్ళీ లేచి ఏడుపు. వాంతులు కూడాను. సాయంత్రానికి గుడ్డమీద ఎర్రటి జామ్‌లాంటి జిగురు పడింది. కొడిసెపాల బెరడు అరగదీసి పొయ్యాలా, వద్దా అని తర్జనభర్జన పడుతూ మేము ఓ పూట పోగొట్టాం. చివరికి రైలెక్కి విశాఖ తీసుకెళితే, డాక్టరుగారు పొట్ట తడిమి, స్కానింగు తీయించి, "ఇది బంక కాదమ్మా, పేగులో పేగు దూరింది" అన్నారు.

ఇలాంటి జబ్బొకటి ఉందని నాకప్పుడే తెలిసింది. ఏడాదిలోపు పిల్లలకే ఎక్కువట. పూర్వం ఇది వస్తే బిడ్డమీద దాదాపు ఆశ వదులుకోవడమే. 1871లో లండనులో జొనాథన్ హచిన్‌సన్ అనే సర్జను రెండేళ్ళ పాపకు పొట్ట కోసి, ఆ పేగు విడదీసి బ్రతికించాడు. 1876లో కోపెన్‌హేగన్ డాక్టరు హిర్ష్‌స్ప్రుంగ్, కోత లేకుండా ఆసనం గుండా నీరెక్కించి, ఆ ఒత్తిడితో పేగును వెనక్కి నెట్టే పద్ధతిని లోకానికి చెప్పాడు. మన విశాఖకు వైద్య కళాశాల వచ్చింది 1923లో. ఇప్పుడు గాలితోనో, సెలైనుతోనో అదే పని చేస్తున్నారు. మావాడికీ గాలితోనే సర్దుకుంది. ఇంకా ఆలస్యమై పేగు కుళ్ళితే మాత్రం కోత తప్పదు.

పోనీ నిజంగా బంకే అనుకుందాం. అదీ ఒకటి కాదండీ! 1875లో రష్యాలో లోష్ అనే వైద్యుడు రోగి మలంలో అమీబాను చూశాడు. 1897లో, మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని పట్టుకున్న ఏడే, జపానులో కియోషి షిగా ఇంకో క్రిమిని పట్టుకున్నాడు. ఆ ఏడు జపానులో తొంభైవేల మందికి పైగా ఈ జబ్బు పడితే, ప్రతి అయిదుగురిలో ఒకరు పోయారు. పిల్లలకు జ్వరంతో వచ్చే రక్తబంక ఎక్కువగా ఈ షిగా జాతి క్రిమి వల్లనే. అమీబా వల్ల తక్కువ. మందులూ వేరే. 1912లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ వాడుకలోకి తెచ్చిన ఎమెటిన్ ఇంజెక్షన్ అమీబాను చంపేది గానీ, షిగా క్రిమిని ఏమీ చేసేది కాదు. పైగా గుండెకు చేటు. కొడిసెపాల బెరడును తెల్లదొరల డాక్టర్లు కూడా అమీబా బంకకు వాడారు. కాబట్టి మా అమ్మమ్మను తప్పుపట్టను. కాని పేగు మడతపడితే ఏ కషాయమూ ఏం చేస్తుంది?

అందుకే డాక్టర్లు అన్ని ప్రశ్నలు వేస్తారు. గట్టి విరేచనం మీద సన్నని ఎర్రచారయితే ఆసనం చీరుకుపోయిందేమో చూస్తారు. పోతపాలు తాగే పసివాడైతే ఆవుపాలు పడకపోవచ్చు. కొంకిపురుగులైతే రక్తం కంటికి కనబడదు, బిడ్డ పాలిపోతాడు. మలపరీక్షకు శుభ్రమైన పొడి డబ్బాలో, ఉచ్చ కలవకుండా పట్టి, అరగంటలోపు ఇవ్వాలి. చల్లారితే అమీబా కదలదు, పోల్చుకోవడం కష్టం. షిగా క్రిమిని పెంచి చూడడానికి రెండు మూడు రోజులు పడుతుంది గనుక, జ్వరమూ రక్తమూ ఉంటే డాక్టర్లు అంతవరకూ ఆగకుండా మందు మొదలుపెడతారు. ఈలోగా చనుపాలు మానిపించకూడదు, ఓఆర్‌ఎస్ నీళ్ళు పడుతూనే ఉండాలి. వాంతులతో గుక్కపట్టి ఏడుస్తూ, ఎర్రటి జిగురు పడే పసివాణ్ణయితే మాత్రం ఇంకేమీ పట్టకుండా ఆ గంటలోనే బయల్దేరదీయాలి.

అన్నట్టు, మా చిన్నది ఓసారి ఎర్రగా వెళ్ళిందని నేను సగం దారి పరుగెత్తాక గుర్తొచ్చింది, ముందురోజు రాత్రి బీట్‌రూట్ కూర తిన్నదని.