గాలపు వేటకు చిన్న చెరువులు: బంగారుపాళ్యం ప్రాంతం

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం చుట్టుపక్కల గాలం వేసేవారికి పెద్ద జలాశయాల కంటే ఊరి చెరువులు, గుంటలే ఎక్కువ అందుబాటులో ఉంటాయి. వీటిలో దేన్ని ఎంచుకోవాలన్నది విస్తీర్ణాన్ని బట్టి తేలే విషయం కాదు. చెరువు కిందటి వేసవిలో ఎండిందా, ఎండకపోతే తూము దగ్గర ఎంత నీరు మిగిలింది, పైనున్న ఏ చెరువు మొరవ దీనిలోకి పారుతుంది అన్న మూడు సంగతులను బట్టే చాలావరకు తేలుతుంది. వంద ఎకరాల చెరువు ఏప్రిల్‌లో బీటలు వారితే దానిలో గాలానికి తగిన చేప మళ్లీ తయారు కావడానికి కాలం పడుతుంది. రెండు వేసవులు తట్టుకున్న పదెకరాల గుంట దానికంటే మేలు.

బంగారుపాళ్యం చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో, మొగిలి కనుమకు దిగువన ఉంది. కనుమ ఎక్కితే పలమనేరు పీఠభూమి సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు పైనే ఉంటుంది. ఆ కొండవాలు నీళ్లు వంకలుగా దిగి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పారుతాయి. ఈ ప్రాంతపు నీరు చాలావరకు నీవా, పొన్నై నదుల ద్వారా చివరికి పాలారులో కలుస్తుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఇక్కడ చెప్పుకోదగ్గ వానలిస్తాయి గాని, చెరువులు నిండేది ఎక్కువగా అక్టోబరు, నవంబరు వాయుగుండాలకే. 2021 నవంబరు వానలకు జిల్లా అంతటా చెరువులు మొరవ పోయాయి. తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి ఏడాది చేపలు ఈ చెరువుల గొలుసు పొడవునా కిందికి కొట్టుకొచ్చి, ఏళ్ల తరబడి ఎండిన చెరువుల్లో కూడా కనిపిస్తాయి. అందుకే గొలుసులో అడుగున ఉన్న చెరువులో పైవాటి కంటే ఎక్కువ రకాలు ఉండే అవకాశం ఉంది.

ఇక్కడి చేపలు, గాలపు వేటపై పాత ఆధారాలు తక్కువే అయినా విలువైనవి. ఫ్రాన్సిస్ డే 1875–78 మధ్య వెలువరించిన భారతదేశపు చేపల గ్రంథంలో చాలా చేపలకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సలివన్ థామస్ 1873లో గాలపు వేటపై ‘ది రాడ్ ఇన్ ఇండియా’ ప్రచురించి, తర్వాత 1887లో చెరువుల వేటపైనే ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అనే మరో పుస్తకం రాశాడు. చెరువును నదికి పేద బంధువుగా చూసే రోజుల్లో దానికి ప్రత్యేకంగా ఒక పుస్తకం కేటాయించడం చిన్న సంగతి కాదు. చిత్తూరు జిల్లా అప్పటికి లేదు, 1911లో ఏర్పడింది. అంతకుముందు ఈ భూమి ఉత్తర ఆర్కాటు జిల్లా కింద ఉండేది కాబట్టి పాత పుస్తకాల్లో ఆ పేరుతోనే వెతకాలి.

కొరమీను, జిలేబి

అమెరికాలో చిన్న సరస్సులకు పోయేవారు బాస్, క్రాపీ అనే రెండు చేపల కోసం వెతుకుతారు. రెండూ ఒకే కుటుంబానివి, ఉత్తర అమెరికా సొంతం. బంగారుపాళ్యం చెరువుల్లో అవి ఉండవు. ఇక్కడ బాస్ స్థానం కొరమీనుది. జమ్ము, తామరాకుల మాటున పొంచి ఉండి, పైన కదిలే కప్పను ఒక్క ఉదుటున అందుకుంటుంది. రబ్బరు కప్ప ఎరలు అక్కడ బాస్‌కు పనిచేసినట్టే ఇక్కడ కొరమీనుకూ పనిచేస్తాయి. ప్రాణమున్న కప్పను గుచ్చే పాత పద్ధతి కంటే అదే మంచిది. చెరువుకు కప్పలు కావాలి.

కొరమీను గాలి పీల్చే చేప. నీటిలో ప్రాణవాయువు తగ్గినా పైకొచ్చి గుటక వేసి బతుకుతుంది, నీరు ఇంకితే తడి బురదలో కొంతకాలం దాగి ఉంటుంది. అడుగంటిన చెరువు మళ్లీ నిండినప్పుడు ముందుగా గాలానికి తగిలేది ఇదే కావడానికి కారణం అదే. చుక్కల మట్టగిడస కూడా ఇలాగే నెగ్గుకొస్తుంది గాని సైజు చిన్నది.

జిలేబి కథ వేరు. ఇక్కడ జిలేబి అని పిలిచే మొజాంబిక్ తిలాపియాను 1952లో భారతదేశానికి తెచ్చారు. అది విపరీతంగా పిల్లలు పెట్టి మిగతా చేపల మేత తినేస్తుందని 1959లోనే దాని పెంపకాన్ని వ్యాప్తి చేయవద్దని దేశస్థాయి మత్స్య పరిశోధన కమిటీ ఆంక్ష పెట్టింది. అప్పటికే ఆలస్యమైంది. ఆడ జిలేబి గుడ్లను నోట్లోనే పెట్టుకుని కాపాడుతుంది కాబట్టి చిన్న గుంటలో కూడా పిల్లలు బాగా బతుకుతాయి. చేపలు పెరిగేకొద్దీ మేత చాలక, అరచేతి సైజు దాటకుండానే ఆగిపోతాయి.

క్రాపీ విషయంలోనూ అచ్చం ఇదే జరుగుతుందని అమెరికా మత్స్య విస్తరణ సలహాలు చెబుతాయి. చిన్న చెరువుల్లో దాన్ని వదలవద్దనడం అందుకే. ఆలబామాలోని ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్ ఈ సంగతిపై చాలాకాలం పరిశోధించి, వేటాడే చేపకూ మేత చేపకూ మధ్య తూకం ఎలా నిలుస్తుందో 1950లో వివరించాడు. ఆయన ప్రయోగాలు వేటాడే బాస్, దానికి మేతయ్యే బ్లూగిల్ జతపై సాగాయి. ఆసియాలో జిలేబి గుంటల్లో పిల్లల్ని తగ్గించడానికి కొరమీనును వాడి చూశారు. ఈ లెక్కన, కొరమీను బాగా ఉన్న చెరువులోనే చెప్పుకోదగ్గ జిలేబి దొరుకుతుందన్న మాటకు ఆధారం ఉంది. ఊరివాళ్లలో కొందరు జిలేబి సైజు నీటి మంచిచెడ్డలను బట్టే ఉంటుందంటారు. అదీ కొంత నిజమే గాని, మొదటి కారణమే బలమైనదిగా తోస్తుంది.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను గుత్తదారులు వదులుతారు. ఇవి నిలవ నీటి చెరువుల్లో సాధారణంగా గుడ్లు పెట్టవు. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి హార్మోను సూదిమందుతో గుడ్లు పెట్టించడంలో విజయం సాధించాకే ఇంత విరివిగా పిల్లలు దొరకడం మొదలైంది. వీటిని వదిలారా లేదా అన్నది గుత్తదారు చెప్పాల్సిందే. జెల్ల, మార్పు, ఇంగిలాయి అక్కడక్కడా తగులుతాయి.

చెరువు చూపే గుర్తులు

తెల్లవారుజామున కట్ట మీద కాసేపు నిలబడితే చెరువు గురించి చాలా తెలుస్తుంది. జమ్ము అంచున నీరు ఒక్కచోట గుబుక్కుమని విరిగి, వెంటనే సద్దుమణిగితే అది కొరమీను గుటక. లోతు తక్కువున్న చోట బురదలో పళ్లెమంత గుండ్రటి గుంతలు పక్కపక్కన కనిపిస్తే అవి జిలేబి గూళ్లు. మగ చేపలు తవ్వుతాయి. గూళ్లన్నీ చిన్నవైతే చేపలూ చిన్నవే. నీటిపైన ఎర్రటి చిన్న కొరమీను పిల్లల గుంపు ఒక్కటిగా తిరుగుతూ కనిపిస్తే దాని కిందే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. కప్ప ఎర వేస్తే అవి కోపంతో తప్పక కొడతాయి. అయినా ఆ గుంపు దగ్గర గాలం వేయకూడదు. పెద్దవి పోతే పిల్లలు ఒక్కరోజులో పక్షులకు, ఇతర చేపలకు మేతవుతాయి.

తెల్లవారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది మంచి గుర్తు కాదు. రాత్రంతా నాచు, కుళ్లుతున్న ఆకు కలిసి ప్రాణవాయువు లాగేస్తే అలా జరుగుతుంది. మామిడి గుజ్జు తీసే కాలంలో, అంటే జూన్, జులైలలో, గుజ్జు కర్మాగారాల తీపి నీరు శుద్ధి కాకుండా కలిసే చెరువుకు ఈ ప్రమాదం ఎక్కువ. నీరు పచ్చగా చిక్కబడి వాసన వస్తుంటే ఆ చెరువును ఆ ఏడాదికి వదిలేయడమే నయం.

లోతు కోసం తూము వైపు చూడాలి. కట్టకు దగ్గరగా, తూము ముందర చెరువు అన్నిటికంటే లోతుగా ఉంటుంది. మే నెలలో అక్కడ మనిషి నిలువెత్తు నీరు మిగిలితే చేప నిలిచినట్టే. మొరవ అంచున కొత్త నీరు పారే రోజుల్లో చిన్న చేపలు ఎదురెక్కుతాయి, వాటి వెంట వేటాడే చేపలు వస్తాయి. వెనక భాగంలో సర్కారు తుమ్మ కంపలు మునిగిన చోట నీడ, దాగే చోటు రెండూ ఉంటాయి. అమెరికాలో క్రాపీ కోసం చెట్టుకొమ్మలు కట్టి ముంచుతారు. ఇక్కడ ఆ పని కంపచెట్లు ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాయి. కాకపోతే ముల్లుకు టంగుసు దారం చిక్కుకోవడం ఖాయం కాబట్టి దారం కొంచెం లావుది కావాలి, బెండు కంపకు ఒక బారెడు ఇవతలే తేలాలి. జిలేబికి వానపాము గాని, పిండి ముద్ద గాని, సంగటి ముద్ద గాని చాలు.

నిండిన కొత్తలో వేట అంతగా సాగదు. నీరు ఎర్రగా ఉంటుంది, చేప చెల్లాచెదురుగా ఉంటుంది. నీరు తేరుకుని కాస్త తగ్గే జనవరి నుంచి మార్చి వరకు అనువైన కాలమని చాలామంది గాలపువాళ్ల అభిప్రాయం. ఏప్రిల్ తర్వాత గుత్తదారు వలలు దిగుతాయి.

హక్కులు, ప్రమాదాలు

చేపల హక్కును పంచాయతీ గాని మత్స్యశాఖ గాని గుత్తకిస్తాయి. మత్స్యకారుల సహకార సంఘం ఉన్నచోట దానికి ప్రాధాన్యం ఉంటుంది. ఒంటి గాలాన్ని గుత్తదారులు చాలాచోట్ల చూసీచూడనట్టు ఊరుకుంటారు గాని, అది హక్కు కాదు. అడిగి వేయడమే పద్ధతి. మందుగుండు, విషం వాడటాన్ని 1897 భారత మత్స్య చట్టమే నిషేధించింది.

1990లో ఏర్పడిన కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఈ ప్రాంతానికి పడమట ఉంది. అక్కడికి ఏనుగులు 1980ల నడుమ తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చాయి. అవి వచ్చిన సంవత్సరం విషయంలో కథనాలు కలవవు. ఈ ఏనుగులు బంగారుపాళ్యం మామిడి తోటల దాకా వస్తాయి, రాత్రి చెరువుల్లో నీళ్లు తాగుతాయి. అభయారణ్యం లోపల అటవీశాఖ అనుమతి లేకుండా ప్రవేశం లేదు. బయటి చెరువుల్లో కూడా అడవి అంచున ఉన్నవాటికి పొద్దు పొడిచాక పోయి, పొద్దు గుంకకముందే తిరిగి రావాలి.

గ్రానైటు తవ్వి వదిలేసిన క్వారీ గుంతలు లోతుగా, తేటగా కనిపించి ఆశ పెడతాయి. అంచులు నిట్టనిలువుగా ఉండటంతో చేపకు మేత దొరికే లోతు తక్కువ నీరు వాటిలో దాదాపు ఉండదు, పడిన మనిషికి పట్టు దొరకదు. ఊరి చెరువుల్లో జేసీబీతో మట్టి తోడిన గుంతలు అంతకంటే మోసం: చుట్టూ మోకాలి లోతే ఉండి, ఒక్క అడుగులో తలమునక అవుతుంది. వేసవిలో చేప ఆ గుంతల్లోనే చేరుతుంది కాబట్టి గాలమూ అటే పోతుంది. ఎండాకాలంలో అవి ఎక్కడెక్కడున్నాయో చూసి ఉంచుకున్నవారే నీరు నిండాక అక్కడ దిగకుండా ఒడ్డు నుంచి వేయగలుగుతారు.